నలభై ఒకటో వరుస

గయాతి దాటినంక, రోడ్డుకు ఎడమ దిక్కు
కంచె లోపల ఉన్నది సర్కారు అడవి.
నిలువు ఏడు మీటర్లకొకటి, అడ్డం ఏడు మీటర్లకొకటి
హాజరుకు నిలబడ్డ పోలీసోళ్ళ తీరు చెట్లు.
పందొమ్మిదేండ్లాయె, ఆ హాజరు పట్టీ నా చేతులనే.

వీళ్ళు గాఫ్ అంటరు.
మొదటి దినం ఆకు నలిపి వాసన జూసి
జమ్మీ, నువ్వెప్పుడొచ్చినవే ఇక్కడికి, అన్న.

కోరుట్ల అవతల మాకు రెండెకరాలు.
మూడు బోర్లేసినం. మూడోదాంట్ల దుమ్ము లేసింది.
ఆ దుమ్ము అప్పే నన్ను విమానం ఎక్కించింది.
ఇక్కడ నా కొలువేందయ్యా అంటే
బోరు నడుపుడు.
నవ్వుకున్న, ఒక్కన్నే, పంపు షెడ్డుల.

మొదటేడు ఆ నీళ్ళు దోసిట్ల పట్టి తాగినం.
పదో ఏడుకు డ్రిప్పర్ల మూతికి తెల్లగ ఉప్పు పూసింది.
ఇప్పుడు నాలిక కొసకు పెట్టుకుంటే
కన్నీళ్ళని అనను, ఆ మాట అరిగిపోయింది,
మామిడికాయ తొక్కు జాడీ అడుగున మిగిలిన ఊట.

మూడేండ్లకో కాంట్రాక్టు.
అంగీ మీద కంపెనీ పేరు ఆరు సార్లు మారింది,
లోపల పెయ్యి గదే.
వచ్చినోడల్లా వేల మొక్కలు నాటిండు,
ఫోటో దిగిండు, లెక్క పంపిండు.
నాటిన లెక్కకు బిల్లు ఉంటది.
బతికిన లెక్కకు కాగితమే లేదు.
చచ్చినదాని గుంతల కొత్తది పెట్టి
రెండూ కలిపి రాసుడు నా కండ్ల ముందటనే.
ఫోర్మన్ కుంజుమోన్ అటు తిరిగి
"రాజలింగూ, ఇయ్యాల గాలి ఎక్కువున్నది" అనేటోడు.

అందుకే రాసుకున్న.
పదకొండు నోటుబుక్కులు, పెన్సిలుతోని, తెలుగుల.
ఏ వరుసకు ఎన్ని నీళ్ళు, ఏ ఎండకు ఏ కొమ్మ రాలింది,
ఒంటె ఎక్కడ కంచె తొక్కింది,
జర్వలీ ఖాన్ యాడ పామును జూసి ఉరికిండు.
నలభై ఒకటో వరుస దగ్గర మాత్రం ఒక చుక్క.

ఆ చుక్క సంగతి గిది.
పైపు పగిలింది. పాత కంపెనీ పోయింది, కొత్తది రాలే.
ఎనిమిది నెలలు చుక్క నీళ్ళు లేవు.
యాభై రెండింటిల ఇరవై మూడు ఎండినయి.
మిగిలినయి ఆకు రాల్చి, అలిగినట్టు గమ్మునున్నయి.
మరుసటేడు చిగురేసినయి. పొట్టిగ, గట్టిగ.
పైపు బాగైనంక గూడ ఆ వరుసకు నేను నీళ్ళియ్యలే.
వాల్వు తుప్పు పట్టిందని రాసిచ్చిన.
పదకొండేండ్లు.

మొన్న షమ్సా మేడం వచ్చింది సర్కారు తరపున,
బూట్లల్ల ఇసుక దులుపుకుంట.
భూమిల నీళ్ళు అడుగంటినయట, సగం తగ్గించాలెనట,
యాభై ఏండ్ల ప్లానట.
ఏ చెట్టుకు ఆపాలె, ఏ చెట్టుకు ఆపొద్దు?
ఆమె మ్యాపుల అన్నీ ఒక్కతీరు పచ్చ చుక్కలు.
నేను నలభై ఒకటి మీద వేలు పెట్టిన.
తుప్పు అబద్ధం గూడ చెప్పిన.
కుంజుమోన్ గాలి దిక్కు చూసిండు.

ఆమె కోపం చెయ్యలే.
"చదువు" అన్నది.
తిరగేసిన డబ్బా మీద కూసొని
నేను హిందీల చెప్పుడు, కుంజుమోన్ ఇంగ్లీషుల చెప్పుడు,
ఆమె అరబ్బీల రాసుకొనుడు.
మూడు బాసల పైపుల ఎంత కారిపోయిందో ఏమో.
జర్వలీ పామును గూడ రాసుకున్నది.
పొద్దుగూకేటాల్లకు రెండో బుక్కు సగమైంది.
రేపు మళ్ళొస్త అని లేస్తూ
"ప్లానుల రాయాలె, నీ ఉద్యోగం పేరేంది?" అనడిగింది.
లేబర్, అన్న.
పెన్ను కొంచెం సేపు కాగితం మీదనే ఆగింది.

నా వీసా మార్చి దాకా.

ఇయ్యాల నాలుగింటికి లేచి
నలభై రెండో వరుస వాల్వు తిప్పిన.
మొత్తం గాదు, ఒక్క పావు వంతు.
ఎనిమిది నెలలల్ల జరిగిందాన్ని ఈసారి
ఎనిమిదేండ్లల్ల జరగనియ్యాలె.
జర్వలీకి వేళ్ళతోని చూపెట్టిన, ఎంతకు ఎంత అని.
వాడు నెత్తి గోక్కొని, ఫోను తీసి,
కుడి నుంచి ఎడమకు
పష్తోల రాసుకున్నడు.